బొటనవేలి గుంట

ఎర్రపుట్టుగ,
కంచిలి మండలం.
కార్తీక సోమవారం

అమ్మా ప్రమోదినీ, నా బంగారుతల్లీ,

నీ ఉత్తరం బస్సులో తిరిగొచ్చిన కొబ్బరికాయల ఖాళీ బస్తాలో భద్రంగా అందింది. చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నువ్వు పరుగు మొదలుపెట్టావా! టెక్కలి కాలేజీ గ్రౌండులో, పొద్దున్నే, పదిమంది చూస్తుండగా! ఆనందం పట్టలేక పెరట్లోకి వెళ్ళి ఎర్రావుకి చెప్పాను. అది మేత మానేసి నా మొహం చూసింది.

ఈ సంగతి ఫోనులో మాట్లాడకు తల్లీ. నాకెలాగూ వినబడదు. నువ్వు గట్టిగా చెబితే హాస్టలంతా వింటుంది, నేను గట్టిగా అడిగితే ఊరంతా వింటుంది. ఇది పగ సంగతి. కాగితం మీదే ఉండాలి.

నువ్వు మరిచిపోయావని కాదు, రాసుకుంటే నాకు హాయిగా ఉంటుందని రాస్తున్నాను. ఎండాకాలంలో ఆ సన్యాసిరావు, టెక్కలి ఇనుప సామాన్ల కొట్టాయన, కొడుకు సునీల్‌కి నిన్ను చూడ్డానికి వచ్చాడు. నువ్వు టీ ఇచ్చావు. ఆయన గ్లాసు పక్కన పెట్టి, "మా ఆడమనిషి ఓపాలి పిల్ల కాలు సూత్తాది, ఏటీ అనుకోకండి. ఉద్దానం గదా!" అన్నాడు. ఆవిడ లేచి, నీ కుచ్చిళ్ళు జానెడు పైకెత్తి, ముందుకాలి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడి నిలిచిపోతే ఒంట్లో నీరు చేరినట్టట, కిడ్నీలు పోతున్నట్టట. నిండు వాకిట్లో అందరూ వంగి నీ కాలు చూశారు. గుంట నిలవలేదు. అయినా పోతూ పోతూ ఆయనేమన్నాడు? "ఇప్పుడు బాగున్నాదండి, రేపటికెవరు పూసీ? నాలుగడుగులేత్తే ఆయాసపడే పిల్లని మాకెందుకు?"

మన ఊళ్ళలో ఆ జబ్బు ఉందని బయటివాళ్ళు సంబంధాలు మానుకుంటున్నారు, నాకు తెలుసు. వద్దంటే వద్దనొచ్చు. కాలు నొక్కి వద్దంటాడా?

ఆ ఊళ్ళో పొద్దున్నే నడిచేవాళ్ళ సంఘానికి ఆయనే ప్రెసిడెంటట. మాఘమాసంలో ఊరి పరుగు పెడతారట. పూర్తి చేసినవాళ్ళకి ఆయనే మెడలో పతకం వేస్తాడట. ఆ కాలితోనే పరిగెత్తి, ఆ చేతులతోనే వేయించుకో తల్లీ. నేను కళ్ళారా చూడాలి. ఈ తండ్రి కోరిక అదొక్కటే.

పరుగు నాకు తెలియనిది కాదు. వయసులో కొబ్బరికాయల కావిడి భుజాన వేసుకుని సోంపేట సంతకి పరుగులాంటి నడకతో వెళ్ళినవాణ్ణి. అడుగు చిన్నది వెయ్యి. మోకాలు మెత్తగా ఉంచు. కావిడి దించేదాకా చుక్క నీళ్ళు ముట్టుకునేవాళ్ళం కాదు. కడుపులో నీళ్ళు ఊగితే అడుగు తప్పుతుంది. నువ్వూ అలాగే చెయ్యి.

ఆనందంతో నేల మీద కాలు నిలవని మీ నాన్న,
కూర్మారావు

*

టెక్కలి,
మహిళా హాస్టల్.
గురువారం

నాన్నకి,

నువ్వు ఎర్రావుకి చెప్పింది అమ్మ విన్నదట. ఫోను చేసి, "ఏటే, పరుగులెడతన్నావట. ఎవులు తరుముతున్నారే నిన్ను?" అని అడిగింది. ఒంటికి మంచిదని మొదలుపెట్టానని చెప్పాను. పగ సంగతి చెప్పలేదు.

పరుగంటే నువ్వనుకున్నంత సంబరంగా ఏమీ లేదు. మొదటిరోజు బాణంలా దూసుకెళ్ళాను. సగం చుట్టుకే డొక్కలో పోటు. మట్టిలో కూలబడ్డాను. చేతికర్రతో నడిచే తాతగారొకాయన నన్ను దాటి వెళ్ళిపోతూ, "లే అమ్మా, లే" అన్నాడు. రెండోరోజూ అంతే. మూడోరోజు కాలేజీ ఆటల టీచరు ఉషారాణి మేడం పిలిచారు.

"ఏటమ్మా, పరిగెడతన్నావా, పారిపోతన్నావా?"

నేను నోరు తెరిచాను. ఆయాసమే వచ్చింది.

"అదీ! పక్కవాళ్ళతో మాటాడగలిగినంత మెల్లగా పరిగెత్తు. ఆయాసం రాకముందే నడూ. ఊపిరి తిరిగినాక మళ్ళీ పరిగెత్తు. సిగ్గుపడకు. ఇక్కడ నిన్నెవులూ సూడ్డానికి రాలేదు."

ఆ ఆఖరి మాట ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం కాలు మీద బొటనవేలు మళ్ళీ నొక్కినట్టయింది.

ఇప్పుడు కాస్త పరుగు, కాస్త నడక. పిక్కలు ఇటుకల్లా ఉన్నాయి. హాస్టల్ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను. నాలుగడుగులకి ఆయాసపడే పిల్లనని ఆయనన్నది అబద్ధం కాదేమో అనిపించి ఏడుపొచ్చింది. ఏడవలేదు. కోపమొచ్చింది.

ఇంకో సంగతి. సన్యాసిరావు భార్య, రాజకుమారి, అదే గ్రౌండుకి నడవడానికి వస్తోంది. ఒక్కర్తే. నన్ను చూసి తల తిప్పుకుంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకో నాన్నా. పగ నీదైనా కాళ్ళు నావి.

ప్రమోదిని

*

ఎర్రపుట్టుగ.
మార్గశిరం

నా పులిపిల్లా,

ఆవిడ వస్తోందా! దేవుడున్నాడు! ఆయనకన్నా ముందు ఆవిడ దొరికింది. నొక్కిన వేలు ఆవిడదే కదా! తల్లీ, ఆవిడని దాటు. తల తిప్పుకుంటే తిప్పుకున్న వైపునుంచి దాటు. ఒకసారి దాటి ఊరుకోకు. చుట్టు తిరిగొచ్చి మళ్ళీ దాటు.

ఈ బస్తాలో బూట్లు పంపుతున్నాను. కాశీబుగ్గ వెళ్ళి కొన్నాను. మంచం కింద నీ పాత చెప్పు ఉంటే దానికి కొబ్బరిపీచు తాడుతో కొలత తీసి పట్టుకెళ్ళాను. కొట్టువాడు నవ్వాడు.

"ఎవులికి మావా?"

"మా అమ్మాయికి. ఒక మనిషిని దాటాల."

"ఎందుకు మావా?"

"నీకెందుకురా? అడుగు మెత్తగున్నాదో లేదో సెప్పు."

కొలతకన్నా కొంచెం పెద్దవే తీసుకున్నాను. ఎర్రటివి తీసుకున్నాను. వెనకబడ్డవాళ్ళకి దూరంనుంచి కూడా కనబడాలి.

మీ అమ్మ బూట్లు చూసి, "ఆడపిల్లకి ఈ రంగేటి? అయినా ఈ వయసులో నీకీ మురిపెమేటి?" అంది. నేను వినబడనట్టు ఊరుకున్నాను. చెవుడు వచ్చాక నాకు కలిగిన సుఖం అదొక్కటే.

నిన్ను తలుచుకుని మీసం మెలేస్తున్న
మీ నాన్న

*

టెక్కలి.
పుష్యం

నాన్నకి,

బూట్లు సరిపోయాయి. వేళ్ళ ముందు ఆమాత్రం జాగా ఉండాలని ఉషారాణి మేడం కూడా అంది. "మీ నాన్నకి బాగా తెలుసే!" అంటే నేను గొప్పగా తలూపాను.

దాటాను నాన్నా. నీకోసం వివరంగా రాస్తున్నాను. రాజకుమారి మెల్లగా, కాళ్ళు ఈడ్చినట్టు నడుస్తుంది. ఆవిడ వెనకనుంచి వచ్చి, పక్కనుంచి, కొంగు ఎగిరేంత దగ్గరగా దాటాను. ఆవిడ ఉలిక్కిపడింది. చుట్టు తిరిగొచ్చి మళ్ళీ దాటాను. బెల్లం తిన్నట్టుంది నాన్నా. రోజూ దాటుతున్నాను. నడక మానేసి గ్రౌండు చుట్టూ ఆగకుండా పరిగెత్తగలుగుతున్నానంటే అది నా బలం కాదు, ఆవిడ వీపు కనబడటమే.

మొన్న శనివారం మాత్రం ఇంకో రకంగా జరిగింది. నువ్వు చెప్పినట్టే నీళ్ళు తాగలేదు. ముందురోజు రాత్రినుంచీ సరిగ్గా తాగలేదు. ఎండెక్కింది. ఆవిడని దాటబోతుండగా కళ్ళు చీకట్లు కమ్మాయి. కళ్ళు తెరిచేసరికి వేపచెట్టు నీడలో ఉన్నాను. నా తల రాజకుమారి ఒళ్ళో ఉంది. తన సీసాలో నీళ్ళు నా నోట్లో పోస్తోంది.

"మెల్లగా, మెల్లగా తాగు. నీళ్ళు లేకండా ఏటా పరుగు? నీకేటైనా అయితే మీ అమ్మకి ఎవులు సెప్తారు?"

సీసా ఖాళీ అయ్యేదాకా తాగాను. డాక్టరమ్మకి చూపించుకున్నాను. నీరసమే, ఇంకేం లేదంది. పరుగుకి ముందూ వెనకా నీళ్ళు తాగమని చివాట్లు పెట్టింది.

ప్రమోదిని

*

ఎర్రపుట్టుగ.
వెంటనే రాస్తున్నది

అమ్మలూ,

నీళ్ళు తాగు తల్లీ, నీళ్ళు తాగు! కావిడి సంగతి మరిచిపో. మేం మొరటువాళ్ళం, ఒళ్ళెలా ఉన్నా మోసేశాం. కాల్చెయ్ నా ఆ ఉత్తరం.

కానీ తాగి తాగి ఎవరి నీళ్ళు తాగావు! మన ఇంటి పద్ధతి నీకు తెలియంది కాదు. ఎవరి నీళ్ళు ముట్టుకున్నామో వాళ్ళ మీద పగ నిలవదు. పక్క తోటవాళ్ళతో గట్టు తగాదా ఉన్నన్నాళ్ళూ మీ తాత వాళ్ళ వీధిలో నడిస్తే నాలుక పిడచగట్టినా నోరు విప్పేవాడు కాదు. ఒక్క గుక్క తాగితే గట్టు పోయినట్టేనని. నువ్వు సీసా సీసా తాగేశావు! నా పగ ఏంగాను?

ఆలోచించాను. దారి దొరికింది. తిరిగి ఇచ్చెయ్. మన చెట్టు బొండాలు గెలకి గెల, ఇవాళ్టి బస్సుకే వేస్తున్నాను. ఆవిడ సీసాకి నాలుగింతలు మన నీళ్ళు ఆవిడ కడుపులో పడాలి. అప్పుడు చెల్లుకి చెల్లు. మళ్ళీ మర్నాటినుంచి దాటు.

నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నది నేను కాకపోయానే అని కుళ్ళుకుంటున్న
మీ నాన్న

*

టెక్కలి.
పుష్య బహుళం

నాన్నకి,

బొండాలు ఆటోలో గ్రౌండుకి తీసుకెళ్ళాను. రాజకుమారి ముందు పెట్టి, "మా నాన్న పంపాడు. మీ నీళ్ళకి మా నీళ్ళు" అన్నాను. ముక్కుసూటిగానే అన్నాను.

ఆవిడ కత్తి అందుకుని తనే చెక్కింది. గొట్టం వేసుకోలేదు. తలెత్తి, బొండం ఎత్తి, ఒక్క చుక్క మీద పడకుండా తాగింది. టెక్కలి వాళ్ళకి అలా తాగడం రాదు నాన్నా.

"మీదేవూరండీ?" అన్నాను.

"బారువ పక్కే నా కన్నోరిల్లు. మా అయ్య కిడ్నీలు పోయే పోయినాడు. రోజూ ఆడి కాలు నొక్కి సూసింది నానే. అందుకే మీ ఇంటికాడ మా ఆయన నన్ను లేపినాడు. 'నీకైతే తెలుస్తాది, లే' అన్నాడు. లేవకపోతే ఇంటికెళ్ళినాక..." అని ఆపేసింది. ఇంకో బొండం చెక్కింది.

చెల్లుకి చెల్లు అవుతుందన్నావు. కాలేదు. ఇప్పుడు నేను ఆవిడ నీళ్ళూ, ఆవిడ మన నీళ్ళూ తాగాం. ఇక ఏ వైపునుంచీ పగ పట్టే వీల్లేకుండా చేశావు నాన్నా, నీ బొండాలతో.

ఆవిడ నాకో సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది. నువ్వు అడగొద్దు, నేను చెప్పను. ఇప్పుడు ఆవిడ నడిచినంతసేపూ నేను పక్కనే నడుస్తున్నాను. తర్వాత నా పరుగు నాది.

సన్యాసిరావు మీద కోపం మాత్రం అలాగే ఉంది. అది ఇంకా పెరిగింది.

ప్రమోదిని

*

ఎర్రపుట్టుగ

ప్రమోదినికి,

ఉత్తరం అందింది. ఇక్కడ జీడి పూత బాగుంది. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది.

తండ్రికి చెప్పకూడని సంగతులు ఆవిడకీ నీకూ ఉన్నాయన్నమాట. మంచిది. గెలలు ఖర్చయ్యాయి, పగ సగమయ్యింది. నొక్కిన వేలిని వదిలేశాను. నొక్కమన్న నోరు ఉంది కదా. దాన్ని వదలను. నీకు జాలి కలిగినా నాకు కలగదు.

పరుగు రోజుకి వస్తాను. ముందు వరసలో నిలబడతాను.

కూర్మారావు

*

టెక్కలి.
మాఘం

నాన్నకి,

నువ్వు బస్సెక్కేటప్పుడు అడిగావు, "ఆడు నీతో ఏటన్నాడు?" అని. స్టాండులో అరిచి చెప్పలేక తర్వాత రాస్తానన్నాను. ఇదిగో.

ముందు నీ సంగతి. తాడు పట్టుకుని ముందు వరసలో నువ్వు అరిచిన అరుపులు నీకు వినబడవు కాబట్టి రాస్తున్నాను. "అదిగో మా అమ్మాయి! ఎర్ర బూట్లు! అదే కాలు, అదే కాలు!" అని టెక్కలంతా వినేలా అరిచావు. నా ముందు చాలామంది ఉన్నారని, నేను వెనకనుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతానని నువ్వు గమనించనే లేదు. ఆఖరి మలుపులో డొక్కలో పోటు మళ్ళీ వచ్చింది. ఆగిపోదామనుకున్నాను. నీ గొంతు వినబడింది. ఆగలేదు.

పూర్తి చేసిన అందరికీ పతకం వేస్తారని నువ్వే రాశావు నాన్నా. నువ్వు నన్నెత్తుకోబోయావు కాబట్టి అప్పుడు గుర్తుచెయ్యలేదు.

ఇక ఆయన మాట. సన్యాసిరావు నన్ను గుర్తుపట్టలేదు. వాకిట్లో అంతమంది ముందు నా కాలు నొక్కించినవాడు నా మొహం కూడా గుర్తుపెట్టుకోలేదు! పతకం మెడలో వేస్తూ, "శభాష్ అమ్మా! ఆరోగ్యమంటే ఇదీ. ఎవులమ్మాయివి?" అన్నాడు.

"ఎర్రపుట్టుగ కూర్మారావు గారమ్మాయినండి. ఎండాకాలంలో మా ఇంటికొచ్చి కాలు నొక్కించారు."

ఆయన చేతులు రిబ్బను మీదే ఆగిపోయాయి. వెనక నిలబడ్డవాళ్ళు విన్నారు. ఎవరో నవ్వారు. నువ్వు దూరంనుంచి చూసి చప్పట్లు కొట్టింది అప్పుడే.

అయితే ఆయన ఆయనే. సాయంత్రం హాస్టల్‌కి కబురు పంపాడు. పిల్ల గట్టిదని తెలిసింది కాబట్టి ఆదివారం మళ్ళీ మన ఇంటికి వస్తారట. మాట ఖాయం చేసుకుంటారట. నా జవాబు వద్దనే. ఆయన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. రాజకుమారి గారిని మాత్రం ఒక్క మాట కూడా అనకు. ఇది నా కోరిక. నీ కోరిక నేను తీర్చాను.

ప్రమోదిని

*

ఎర్రపుట్టుగ.
ఆదివారం, వాళ్ళ కారు దుమ్ము ఇంకా అణగలేదు

నా తల్లీ, నా బంగారుకొండా,

ఎక్కడ మొదలుపెట్టను! ఒళ్ళంతా పొంగిపోతోంది!

వచ్చారు. ముగ్గురూ వచ్చారు. పళ్ళ బుట్ట తెచ్చారు. అరుగు మీద కూర్చోబెట్టాను. మీ అమ్మ గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చింది. సన్యాసిరావు గ్లాసు ముట్టుకోలేదు. సంచిలోంచి కొన్న నీళ్ళ సీసా తీసి మూత తిప్పాడు. "ఏటీ అనుకోకండి బావగారూ, ఉద్దానం నీళ్ళు గదా!" అన్నాడు. అదే మాట. అదే అరుగు మీద.

రాజకుమారి ఆయన వైపు చూసింది. గ్లాసు తీసుకుంది. నిండా తాగింది. ఖాళీ గ్లాసు మీ అమ్మకిచ్చి, "ఇంకో గ్లాసు పోయ్ వదినా" అంది. ఆయన మొహం జేవురించింది. అప్పుడే నాకు సగం ఆకలి తీరింది.

"పాతయి మనసులో ఎట్టుకోకండి బావగారూ. పిల్ల పరుగు సూసినాను. మాకు నచ్చింది" అన్నాడు.

"మాకూ నచ్చాల గదండి," అన్నాను. "బాబూ సునీలూ, ఓపాలి లే. అల్లక్కడ జీడితోట మొదట్లో కంచె కనబడతన్నాది సూడు, దాన్ని ముట్టుకుని పరుగెట్టుకుని రా. ఏటీ అనుకోకు. టెక్కలి గదా!"

ఆయన "ఇదేటిది!" అని లేచాడు. నేను వినబడనట్టు కూర్చున్నాను. కుర్రాడు తండ్రి మొహం చూశాడు, తల్లి మొహం చూశాడు. లేచి వెళ్ళాడు! మన ఇసకలో ఆ తోలు బూట్లు మడమల దాకా దిగిపోయాయి. నువ్వు మొదటిరోజు చేసిన తప్పే చేశాడు తల్లీ, బాణంలా వెళ్ళాడు. తిరిగి రావడం మాత్రం డొక్క పట్టుకుని వచ్చాడు. ఈలోగా వీధంతా పోగైంది.

"ఏటి మావా, ఏటి సంగతి?"

"ఏం లేదురా, పెళ్ళికొడుకు ఊపిరి సూత్తన్నాం."

కుర్రాడు అరుగు అంచున కూలబడ్డాడు. నేను వంగాను. పంట్లాం జానెడు పైకెత్తాను. ముందుకాలి మీద బొటనవేలితో నొక్కాను. అందరూ వంగి చూశారు. నా వేలు కింద ఆ ఎముక తగిలినప్పుడు నాకు కలిగిన ఆనందం నీకు ఏ భాషలో రాయను!

"గుంట నిలవలేదు," అన్నాను. "ఇప్పుడు బాగున్నాదండి. రేపటికెవరు పూసీ? నాలుగడుగులేత్తే ఆయాసపడే కుర్రాడు మాకెందుకు?"

వీధి గొల్లుమంది. సన్యాసిరావు పళ్ళ బుట్ట తిరిగి ఎత్తుకున్నాడు! సునీల్ నా చెవిలో నోరు పెట్టి, "ఆ రోజే నాకు సిగ్గేసినాదండి" అన్నాడు. "ఆ రోజే సెప్పాల్సింది బాబూ" అన్నాను.

ఇక ఒక సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా.

కారెక్కడానికి రాజకుమారి మెట్టు మీద చెప్పులు తొడుక్కుంటోంది. కుచ్చిళ్ళు కొంచెం తొలిగాయి. పాదం ఉబ్బి ఉంది. వచ్చేటప్పుడు వేసుకున్న చెప్పు పట్టీ జాడ ఇంకా అలాగే ఉంది, లోతుగా, వేలు పట్టేంత. అంతసేపు కూర్చున్నా పూడలేదు. ఉద్దానంవాడికి ఆ గుంట ఎవరూ చెప్పనక్కర్లేదు. నువ్వు దాచిన సంగతి అదే కదూ? ఆవిడ నేను చూడటం చూసింది. కుచ్చిళ్ళు దించుకుని అలాగే నిలబడిపోయింది. నేను అరుస్తానని ఎదురుచూసింది.

అరవొచ్చు. వీధంతా ఉంది. ఆయన ఇంకా కారు తలుపు దగ్గరే ఉన్నాడు. "అయ్యా, మా నీళ్ళు తాగనివాడా, నీ ఇంటి కాళ్ళు చూసుకున్నావా?" అంటే చాలు, ఆ మనిషి మళ్ళీ తలెత్తడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది తల్లీ. అబద్ధమెందుకు, తియ్యగానే ఉంది.

మీ అమ్మ చేతిలో రెండో గ్లాసు కూడా ఖాళీగా ఉంది. ఆవిడ తాగేసింది.

"వదినా, జాగర్తగా దిగు. మెట్టు ఎత్తు" అన్నాను. అంతే అన్నాను.

ఈ ఉత్తరం అందగానే నువ్వే సెలవు పెట్టి ఆవిడని రక్తపరీక్షకి తీసుకెళ్ళు. ఇక్కడివాళ్ళం మనకే తెలుసు, ఆలస్యమైతే ఏమవుతుందో. ఆ ఇంట్లో తీసుకెళ్ళేవాళ్ళు లేరు. కుర్రాడు వస్తానంటే వాణ్ణి కూడా రానియ్.

పరుగు మానకు. నీళ్ళు తాగు. ఆవిడ గ్రౌండులో నడుస్తుంటే ఇక ఆవిడని దాటకు తల్లీ, పక్కనే ఉండు.

ఆయన ఎదురుపడితే మాత్రం దాటెయ్. చుట్టు తిరిగొచ్చి మళ్ళీ దాటెయ్.

మీ నాన్న,
కూర్మారావు